450 చదరపు అడుగుల్లో 17 పండ్ల మొక్కలు: ఏది ఉంచాలి, ఏది తీయాలి?

పెరటిగాలి, యలహంక
జూన్ 8, ఉదయం

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనక 25 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు నేల ఉంది. మా మామగారు అందులో ఏళ్ల తరబడి పండ్ల మొక్కలు నాటుతూ వచ్చారు. ఆయనది కొవ్వూరు. ఊరు వెళ్లినప్పుడల్లా కడియం నర్సరీల మీదుగా వస్తారు. చేతిలో ఒక అంటు మొక్క లేకుండా బెంగళూరు బస్సు ఎక్కరు. ఇప్పుడు లెక్క పెడితే ఇవి తేలాయి: మామిడి మూడు (బంగినపల్లి, చిన్నరసం, గింజ నుంచి మొలిచినది ఒకటి), జామ మూడు, సీతాఫలం రెండు, నిమ్మ రెండు, బొప్పాయి రెండు, ఇంకా సపోటా, దానిమ్మ, పనస, నేరేడు, ఉసిరి ఒక్కొక్కటి. అరటి పిలకలను లెక్కలో వేయలేదు.

చూసినవాళ్లందరూ ఎంత పచ్చగా ఉందో అని మెచ్చుకుంటారు. పండు మాత్రం లేదు. మామిడి పూత నిండుగా వచ్చి, బూడిద పట్టి రాలిపోతుంది. జామ ఆకుల మీద నల్లటి మసి. దానిమ్మ ఇంతవరకు పూయలేదు. నిమ్మకు ముళ్లూ ఆకులే. పట్టపగలు వంటింట్లో లైటు వేసుకుంటున్నాం.

నాలుగైదు తీసేద్దామంటే మామగారు ఒప్పుకోరు. "అడవిలో చెట్లను ఎవరు దూరం కొలిచి నాటారమ్మా? ప్రకృతి తన సమతుల్యం తానే చూసుకుంటుంది" అంటారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆయనను నొప్పించకుండా చెప్పగలిగే కారణాలు కావాలి. తర్వాత చేయవలసిన పని ఏమిటో కూడా చెప్పండి.


చిత్తూరు తోట, బొమ్మనహళ్లి
జూన్ 8

మా వాళ్లది మామిడి తోట కాబట్టి ముందు కొలతలు చెబుతాను. పాత పద్ధతిలో మామిడికి మామిడికి మధ్య 10 మీటర్లు వదులుతారు. అంటే ఒక్కో చెట్టుకు 100 చదరపు మీటర్లు, దాదాపు 1,076 చదరపు అడుగులు. మీ పెరడు మొత్తం అందులో సగం కూడా లేదు, దానిలో మామిడే మూడు. పనస, సపోటా కూడా అంతకు కాస్త అటూ ఇటూగా అడుగుతాయి. జామకు 6 మీటర్లు, నిమ్మకు 5 నుంచి 6, దానిమ్మకు 4, 5. ఇంటి దగ్గర ఇంత వదలడం ఎవరికీ కుదరదు, కత్తిరించుకుంటూ ఇరుకులో పెంచుకుంటాం. కానీ కత్తెర తగలకుండా ఇరుకులో పెంచడం కుదరదు.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఎండ బాగా ఉన్న రోజు, మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో పెరటి మధ్యలో నిలబడి నేల వైపు ఒక ఫోటో తీయండి. ఎండ మచ్చలు నేలలో ఎంత భాగం మీద పడుతున్నాయో చూస్తే, ఏ చెట్టును ముందు ముట్టుకోవాలో తెలిసిపోతుంది.


ఎర్రచీమ, బాణసవాడి
జూన్ 8

పనస గోడకు ఎంత దూరంలో ఉంది? సంపు ఎక్కడ ఉంది? మిగతా చర్చ తర్వాత. ముందు ఈ రెండూ చెప్పండి.


పెరటిగాలి, యలహంక
జూన్ 8, రాత్రి

పనసకూ సంపుకూ మధ్య నాలుగు అడుగులు. ఫోటో జత చేశాను. అరచేయంత మచ్చలు అక్కడక్కడా ఉన్నాయి, అంతే. మిగతాదంతా నీడ, రాలిన ఆకులు, తడి.


ఎర్రచీమ, బాణసవాడి
జూన్ 8

అయితే పనసకు సెలవు. సంపు గోడకు సన్నని బీట ఉంటే చాలు, వేరు నీటిని వెతుక్కుంటూ దూరుతుంది. మరమ్మతు ఖర్చుతో జీవితాంతం పనసకాయలు కొనుక్కోవచ్చు.


మిద్దెమడి, మారతహళ్లి
జూన్ 9

నేను కాస్త వేరే మాట చెబుతాను. ఒత్తుగా నాటడం తప్పని ఎందుకు అనుకోవాలి? మియావాకీ అనే జపాన్ శాస్త్రజ్ఞుడి పద్ధతిలో చదరపు మీటరుకు మూడు నుంచి ఐదు మొక్కలు పెడతారు. బ్రహ్మాండంగా పెరుగుతాయి. మన తెలుగు రైతులు కూడా ప్రకృతి సేద్యం ప్రచారం చేసే పాలేకర్ గారి ఐదంచెల పద్ధతిలో పెద్ద చెట్టు, చిన్న చెట్టు, పొద, తీగ, దుంప అన్నీ కలిపి వేస్తున్నారు. లక్నోలోని కేంద్ర పరిశోధన సంస్థ జామను 2 మీటర్లు, 1 మీటరు దూరంలో, హెక్టారుకు 5,000 మొక్కలు పెట్టి చూపించింది. మామగారి మాటలో కొంత నిజం లేకపోలేదు. నేల కప్పి ఉంది, తడి ఆరదు, పక్షులు వస్తాయి. ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం క్రమంగా పోసి చూడండి, కాపు అదే వస్తుందేమో.


ఆకుపాఠం, జయనగర్
జూన్ 9

మిద్దెమడి గారు మూడు మంచి ఉదాహరణలు ఇచ్చారు. మూడింటినీ విడివిడిగా చూడాలి. నేను వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓర్చుకోండి.

మామగారి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. అడవిలో దూరం ఎవరు కొలిచారు? చావు కొలిచింది. ఒక పెద్ద చెట్టు కింద వందల మొలకలు లేస్తాయి. వాటిలో చెట్టయ్యేది ఏ ఒక్కటో. మిగతావన్నీ నీడలో పాలిపోయి, తెగులు పట్టి, ఎండి రాలిపోతాయి. మనం అడవికి వెళ్లేసరికి మిగిలినవే కనబడతాయి కాబట్టి అంతా సామరస్యంగా ఉందనుకుంటాం.

దీనికి లెక్క కూడా ఉంది. 1963లో జపాన్ శాస్త్రజ్ఞుడు యోడా, ఆయన సహచరులు ఒకే వయసు మొక్కలను కిక్కిరిసి పెంచి, అవి పెరిగే కొద్దీ ఎన్ని చనిపోతాయో చూశారు. వాళ్లు తేల్చిన సూత్రం ప్రకారం, బతికి ఉన్న మొక్క సగటు బరువు ఎనిమిది రెట్లు అయ్యేసరికి మొక్కల సంఖ్య నాలుగో వంతుకు పడిపోతుంది. ఇది ఒకే జాతి మొక్కల గుంపులో చూసినది. మీ పెరట్లో పది జాతులున్నాయి కాబట్టి అంకెలు ఇలాగే రావు, కానీ దారి అదే. ప్రకృతి సమతుల్యం మీ పెరట్లో పని చేస్తూనే ఉంది. దానిమ్మను అది ఇప్పటికే చంపడం మొదలుపెట్టింది. ఆ సమతుల్యం కుదిరేసరికి మిగిలేది బహుశా నేరేడు, పనస. బంగినపల్లి మిగలాలన్న పట్టింపు ప్రకృతికి లేదు.

మరి పచ్చగా, పొడుగ్గా ఎందుకున్నాయంటారా? ఆకులు ఎర్ర కాంతిని పీల్చుకుని, దానికి అవతల ఉండే పరారుణానికి దగ్గరి కాంతిని వదిలేస్తాయి. పక్క మొక్క ఆకుల నుంచి ఆ కాంతి ఎక్కువగా వచ్చి తగిలితే, ఫైటోక్రోమ్ అనే పదార్థం ద్వారా మొక్క దాన్ని పసిగడుతుంది. నీడ ఇంకా పడకముందే పోటీదారు వచ్చాడని తెలుసుకుంటుంది. అప్పటి నుంచి కొమ్మలు మాని కాండాన్ని సాగదీస్తుంది. పూతకు, పిందెకు పోవలసిన ఆహారమంతా ఎత్తుకు ఖర్చవుతుంది. మీరు పొడుగు చూసి ఆరోగ్యం అనుకుంటున్నారు. అది పరుగు.

ఇక మియావాకీ. 1928లో పుట్టి 2021లో పోయిన ఆ పెద్దాయన పెంచింది అడవిని, పండ్ల తోటను కాదు. స్థానిక జాతులను ఒత్తుగా పెట్టి, రెండు మూడేళ్లు సాకి, తర్వాత పోటీకి వదిలేస్తారు. కొన్ని చావడం ఆ పద్ధతిలో భాగమే. మామగారు కొవ్వూరు నుంచి ఒడిలో పెట్టుకుని తెచ్చిన మొక్కను ఆ లెక్కలో చావనిస్తారా?


చిత్తూరు తోట, బొమ్మనహళ్లి
జూన్ 9

లక్నో జామ గురించి నేను చెబుతాను. ఆ 5,000 మొక్కల తోటలో ఏడాదికి మూడు సార్లు కత్తెర పడుతుంది. జామ కొత్త చిగురు మీదే పూస్తుంది. అందుకే నడుము ఎత్తు దాటనివ్వకుండా కోస్తూ ఉంటే ప్రతి కోతకూ కాపు వస్తుంది. దగ్గరగా నాటే హక్కు ఆ కత్తెరతో వచ్చింది. మామిడి సంగతి వేరు. ముదిరిన కొమ్మ చివర పూత వస్తుంది, జామకు లాగా ఎప్పుడు పడితే అప్పుడు కోస్తే ఆ ఏడాది కాపు పోతుంది. కాయ కోసిన వెంటనే, అంటే బెంగళూరులో జూన్, జూలైలో కత్తిరించాలి.

ఐదంచెల పద్ధతిలో 36 అడుగుల చదరాన్ని ఒక గడిగా తీసుకుంటారు. ఆ ఒక్క గడే మీ పెరటికి దాదాపు మూడింతలు. పెద్ద చెట్లు ఆ గడి మూలల్లో ఉంటాయి. మధ్యలో ఎవరూ పనస, నేరేడు, సపోటా కలిపి గుచ్చరు.

జీవామృతం మీద నాకు కోపం లేదు, మా తోటలోనూ పోస్తాం. కానీ వెలుతురు లేని చోట మేత పెంచితే ఆకు ఇంకా పెరుగుతుంది, నీడ ఇంకా చిక్కబడుతుంది.


పచ్చరెక్క, హెసరఘట్ట రోడ్డు
జూన్ 10

అందరూ చెట్ల గురించే మాట్లాడుతున్నారు. పెరటిగాలి గారూ, ఆ జామ ఆకుల మీద మసి సంగతి చూద్దాం. ఆకు తిప్పి, ఈనె పక్కన తెల్లటి దూది లాంటిది ఉందేమో చూడండి. కాండం మీద చీమలు పైకీ కిందికీ బారులు తీరి ఉన్నాయా?


పెరటిగాలి, యలహంక
జూన్ 10, సాయంత్రం

ఉన్నాయి! పిల్లవాడి బూతద్దం పెట్టి చూశాను. తెల్లటి పొడి కప్పుకున్న చిన్న చిన్న పురుగులు, మునివేళ్ల మీద నిలబడ్డట్టు చీమలు వాటి చుట్టూ మూగి మీసాలతో తడుముతున్నాయి. ఒక పురుగు వెనక నుంచి మెరిసే బొట్టు బయటికి వచ్చింది, చీమ వెంటనే దాన్ని తాగేసింది. వేలితో ఆకు పైభాగం రుద్దితే మసి పొరలా ఊడి వచ్చింది, కింద ఆకు పచ్చగానే ఉంది. ఇంకో సంగతి. ఆ పురుగుల మధ్యలోనే వాటి కన్నా పెద్దది, దూది పోగులు వేలాడుతున్న తెల్లటి పురుగు ఒకటి చురుగ్గా తిరుగుతోంది. దాన్ని చంపాలా?


పచ్చరెక్క, హెసరఘట్ట రోడ్డు
జూన్ 10

ఆగండి, దాన్ని ముట్టుకోకండి! అది మీ పక్షం. ఆ చిన్న తెల్లటి పురుగులు పిండినల్లి, వాటిని తినే అక్షింతల పురుగు పిల్ల అది. వేటకు వెళ్లిన చోట వేషం కూడా అదే వేసుకుంటుంది. క్రిప్టోలీమస్ అనే ఈ జాతిని 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. తెలియక చాలామంది దీన్నే ముందు చంపుతారు.

జరుగుతున్నది ఇది. పిండినల్లి జామ రసం పీల్చి, మిగిలిన తీపిని బొట్లుగా వదులుతుంది. ఆ తీపి పడిన ఆకు మీద మసి తెగులు పెరుగుతుంది. చీమలు ఆ తీపి కోసం పిండినల్లిని కాపలా కాస్తాయి, అక్షింతల పురుగులను తరిమేస్తాయి. మామూలుగా ఒక జామ చెట్టు విడిగా ఉంటే చీమ నేల మీది నుంచి ఒక్క కాండం గుండానే ఎక్కగలదు. మీ పెరట్లో అన్ని కొమ్మలూ కలిసిపోయాయి. నిమ్మ మీది నుంచి జామకు, జామ మీది నుంచి సీతాఫలానికి చీమలకు రాజమార్గం. గాలి ఆడదు, ఎండ తగలదు, వాన కడగదు.

సమతుల్యం అన్న మాటకు నేను కూడా కట్టుబడిన మనిషినే. కానీ అది ఎలా కుదురుతుందో మన బెంగళూరులోనే చక్కటి ఉదాహరణ ఉంది. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి మీద కొత్త రకం పిండినల్లి కనబడింది. మెక్సికో ప్రాంతం నుంచి వచ్చిన పురుగు, ఇక్కడ దానికి శత్రువు లేదు. బొప్పాయి, మల్బరీ తోటలు తుడిచిపెట్టుకుపోయాయి. మందుల మీద మందులు కొట్టారు, లాభం లేదు. 2010లో హెబ్బాళలోని కీటక పరిశోధన సంస్థ ప్యూర్టో రికో నుంచి మూడు జాతుల బదనికలను, అంటే ఇంకో పురుగు ఒంట్లో పెరిగి దాన్ని చంపే కీటకాలను, తెప్పించింది. వాటిలో అసిరోఫేగస్ అన్నది కంటికి ఆనని చిన్న కందిరీగ. పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది. దాన్ని తోటల్లో వదిలాక కొన్ని నెలల్లోనే పురుగు అదుపులోకి వచ్చింది. మందు కొట్టిన తోటల్లో ముందు చచ్చేది ఆ కందిరీగే.

కాబట్టి ఘాటైన మందులు వద్దు. కొమ్మలు ఒకదానికొకటి తగలకుండా కత్తిరించండి, కాండానికి జిగురు పట్టీ చుట్టి చీమల దారి ఆపండి. మసికి పలచటి గంజి చల్లితే ఎండలో అట్టలా ఎండి రాలిపోతుంది. మిగతాది ఆ దూది పురుగు చూసుకుంటుంది.


ఎర్రచీమ, బాణసవాడి
జూన్ 10

నా పేరు పెట్టుకున్న జాతిని ఇంత బాహాటంగా దూషిస్తారని అనుకోలేదు.

నా సలహా మారలేదు. మామిడి ఒకటి, జామ ఒకటి, సీతాఫలం ఒకటి, నిమ్మ ఒకటి. మిగతావన్నీ ఒక ఆదివారం గొడ్డలితో తేల్చేయండి. నెలల తరబడి ఆలోచించే పని కాదు. బొప్పాయిలు కాయడం లేదంటే రెండూ మగవే అయి ఉంటాయి, వాటి కోసం ఏడవడం అనవసరం.


పచ్చరెక్క, హెసరఘట్ట రోడ్డు
జూన్ 10

ఒక్క ఆదివారమా? ఇది పక్షులు గూళ్లు పెట్టే కాలం. నిమ్మ ఆకుల మీద పక్షి రెట్టలా కనబడే గొంగళి పురుగులు ఉంటాయి, అవి నిమ్మ సీతాకోకచిలుకలవుతాయి. కత్తి పట్టే ముందు ప్రతి కొమ్మనూ చూడాలి. గొడ్డలి పట్టుకోగానే తీర్పు చెప్పే హక్కు వచ్చేసిందని అనుకోకండి.


ఎర్రచీమ, బాణసవాడి
జూన్ 10

గొంగళి పురుగులకు ఓటు హక్కు ఇవ్వడం ఒక్కటే మిగిలింది.


నిర్వాహకులు
జూన్ 11

ఇద్దరూ కాస్త నెమ్మదించండి. అందరికీ పనికొచ్చే ఒక మాట: బెంగళూరులో సొంత స్థలంలోనైనా చెట్టు నరకాలంటే 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం వర్తిస్తుంది. వృక్షాధికారి అనుమతి కావాలి, కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. పనస, నేరేడు లాంటి పెద్దవాటిని ముట్టుకునే ముందు మీ నగరపాలక అటవీ విభాగంలో అడగండి. కొమ్మ కత్తిరింపులు వేరు, మొదలంటా నరకడం వేరు.


మిద్దెమడి, మారతహళ్లి
జూన్ 11

చట్టం సరే. జామ గురించి చిత్తూరు తోట గారి మాట ఒప్పుకుంటున్నాను. కానీ మనిషి వేలు పెట్టకుండా వదిలేస్తే చెట్టు తనంతట తాను మంచి ఆకారానికి వస్తుందని జపాన్ ప్రకృతి సేద్య రైతు ఫుకుఒకా చూపించారు కదా?


ఆకుపాఠం, జయనగర్
జూన్ 11

చూపించారు, కానీ దానికి ముందు ఏం జరిగిందో కూడా ఆయనే రాశారు. షికోకు దీవిలో తండ్రి ఇచ్చిన కమలా తోటలో కత్తిరింపులు మానేశారు. కొమ్మలు ఒకదాని మీద ఒకటి అల్లుకుపోయాయి, పురుగు పట్టింది, చెట్లు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. ఒకసారి కత్తెర చూసిన చెట్టును నడిమధ్యలో వదిలేయడం ప్రకృతి సేద్యం కాదని, గాలికి వదిలేయడమని ఆయన అక్కడే గ్రహించారు. గింజ నుంచి, ఎడంగా, మొదటి నుంచి స్వేచ్ఛగా పెరిగిన చెట్టుకే ఆయన చెప్పిన సహజ ఆకారం.

కడియం అంటు మొక్క అలాంటిది కాదు. ఒక చెట్టు వేరు మీద ఇంకో చెట్టు కొమ్మ కట్టి తయారు చేసినది. అది పుట్టిందే కత్తి కింద.


పెరటిగాలి, యలహంక
జూన్ 12

ఈ చర్చను ఎప్పటికప్పుడు మామగారికి చదివి వినిపిస్తూ వచ్చాను. రెండు రోజులు ఏమీ అనలేదు. ఈ ఉదయం ఫోను అడిగి తీసుకున్నారు. కింద ఉన్నది ఆయన మాటే. ఆయన చెబుతుంటే నేను కొట్టాను, ఒక్క అక్షరం మార్చలేదు.

"అయ్యా, అమ్మా, అందరికీ నమస్కారములు. మీరు చెప్పినవన్నీ విన్నాను. జయనగర్ మాస్టారు చెప్పిన లెక్క నాకు నచ్చింది. ప్రకృతి చూసుకుంటుందని నేను అన్నాను, చూసుకోవడమంటే చంపడం కూడా అని ఆయన అన్నారు. అది కాదనలేను. మా లంక భూముల్లో అరటి గెల వేసిన చెట్టు పక్కన ఎన్ని పిలకలు తీసేసేవాళ్లమో నాకు తెలియనిది కాదు. ఒక్క పిలకను ఉంచి మిగతావి తవ్వేస్తేనే రెండో పంట. పొలంలో చేసినది పెరట్లో చేయడానికి చెయ్యి రాలేదు, అంతే. పొలం అమ్మేశాక మిగిలింది ఈ కాస్త నేలే కదా.

2024 వేసవిలో ఇక్కడ బోర్లు ఎండి, తాగునీరు తోటలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి వాళ్లు చెప్పినప్పుడు కూడా, బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు పోసి వీటిని బతికించాను. అన్నీ బతికాయి, ఏదీ బాగుపడలేదు. ఉన్న నీళ్లు అయిదింటికి పోసి ఉంటే అయిదూ కాసేవని ఇప్పుడు అనిపిస్తోంది.

పనస తీసేయండి. నేరేడు తీసేయండి, అడిగి తీసేయండి. బొప్పాయిలు మీ ఇష్టం. కానీ గింజ మామిడి జోలికి రావద్దు. అది మా ఆవిడ పాతింది. కాయ పుల్లన అయినా, పీచు అయినా అది ఉంటుంది. దాన్ని ఉంచి మిగతా రెండు మామిడి చెట్లలో ఏది ఉంచాలో చెప్పండి. ఆ రెండూ నాకు ఇష్టమైనవే. సపోటా గురించి మాట్లాడను."


చిత్తూరు తోట, బొమ్మనహళ్లి
జూన్ 12

పెద్దాయనకు నమస్కారం. బాబాయి గారూ, మీరు మూడింటినీ ఉంచుకోవచ్చు, ఒక్క మాను మీద.

గింజ మామిడి వేరు బలంగా ఉంటుంది. దాన్ని వచ్చే ఫిబ్రవరి, మార్చిలో నాలుగైదు అడుగుల ఎత్తున కోయండి. ఒక కొమ్మను మాత్రం ఊపిరికి వదిలేయండి. కోసిన చోట బోర్డో పేస్టు పూయండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు, మీకు కావలసినది ఆ పాళ్లలో చారెడే. రెండు మూడు నెలల్లో చిగుళ్లు గుత్తులుగా వస్తాయి. నలువైపులా బలమైన నాలుగైదు ఉంచి మిగతావి తుంచేయండి. జూలై, ఆగస్టు తేమలో ఆ చిగుళ్ల మీద సగం వాటికి బంగినపల్లి, సగం వాటికి చిన్నరసం అంటు కట్టించండి. లాల్‌బాగ్ నర్సరీలో అడిగితే అంటు కట్టే మనిషి ఆచూకీ దొరకవచ్చు. పుల్లలు మీ పెరట్లోని చెట్ల నుంచే తీసుకుంటారు కాబట్టి ఏ రకమన్న అనుమానం అక్కర్లేదు. వదిలేసిన కొమ్మకు అమ్మగారి కాయలు అలాగే కాస్తాయి.

అందుకని ఆ రెండు అంటు మామిడి చెట్లను ఈ ఏడాది నరకవద్దు. ఇప్పుడు పైకొమ్మలు మూడో వంతుకు మించకుండా తగ్గించండి, వెలుతురు కిందికి దిగుతుంది. అంటు కట్టినవి పట్టుకున్నాయని రూఢి అయ్యాకే వాటిని తీయండి.

ఒకటే ప్రశ్న. గింజ మామిడి ఏ దిక్కున ఉంది?


పెరటిగాలి, యలహంక
జూన్ 12

ఉత్తరపు గోడ దగ్గర. మామగారు ఈ జవాబు తానే రెండుసార్లు చదువుకున్నారు. అద్దాలు తుడుచుకుని మూడోసారి కూడా.


ఆకుపాఠం, జయనగర్
జూన్ 12

ఉత్తరాన ఉండటం మేలు. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు మధ్యలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య నెలల్లో కాస్త ఉత్తరానికి జరుగుతాడు. మిగతా ఏడాదంతా దక్షిణం వైపే. మామిడి పూత సమయంలో నీడ గోడ వైపు పడుతుంది, పొట్టి చెట్లకు ఎండ దక్కుతుంది. దక్షిణం వైపు ఉన్నది ఏమిటి?


పెరటిగాలి, యలహంక
జూన్ 12

సపోటా.


ఎర్రచీమ, బాణసవాడి
జూన్ 12

సపోటా గురించి మాట్లాడవద్దన్నారు కాబట్టి నేను మాట్లాడటం లేదు.


చిత్తూరు తోట, బొమ్మనహళ్లి
జూన్ 13

సపోటా నిదానంగా పెరుగుతుంది. కింది కొమ్మలు మూడు అడుగుల వరకు తీసేసి, పైన లోపలి వైపు అల్లుకున్నవి తీస్తే కొన్నేళ్లు గడుస్తుంది. అప్పటికి బాబాయి గారి మనసు ఎలా ఉంటుందో చూద్దాం.

మిగతావి: జామల్లో మసి తక్కువగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి నడుము ఎత్తుకు కోయండి. సీతాఫలం ఒకటి చాలు. అది కూడా కొత్త రెమ్మల మీదే కాస్తుంది, ఫిబ్రవరిలో ఆకు రాలాక కత్తిరించండి. ఉసిరి ఆకు సన్నం, నీడ పలచన, ఉండనివ్వండి. నిమ్మకు అంటు కింది నుంచి లేచిన చిగుళ్లు ఉంటే మొదట వాటిని పీకేయండి, ఆ ముళ్లన్నీ అవే కావచ్చు. ఒక్కసారిగా ఎండ తగిలితే ఇన్నాళ్లు నీడలో ఉన్న బెరడు పగులుతుంది. కాండాలకు పలచగా సున్నం కొట్టండి.


పెరటిగాలి, యలహంక
జూన్ 22

పనస, నేరేడు గురించి అధికారులకు దరఖాస్తు ఇచ్చాం, జవాబు రావాలి. జామలు రెండు తీసేశాం. మామిడి పైకొమ్మల పని నిన్న జరిగింది. పచ్చరెక్క గారు చెప్పినట్టు ముందు గూళ్లు వెతికాం. చిన్నరసం మీద పావురపు గూడు ఒకటి ఉంది, ఆ కొమ్మను వదిలేశాం. మామగారు పక్కనే కుర్చీ వేసుకుని ఏ కొమ్మ, ఎక్కడికి కోయాలో పనివాడికి చెబుతూ కూర్చున్నారు. నేను అనుకున్న దానికన్నా ఎక్కువే కోయించారు.

దానిమ్మ, రెండో నిమ్మ, రెండో సీతాఫలం తవ్వి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి. ఎవరికైనా కావాలా? చంపకుండా ఇంకో చోట నాటితే చాలని మామగారి షరతు.


మిద్దెమడి, మారతహళ్లి
జూన్ 22

దానిమ్మ నాకు ఇవ్వండి. మిద్దె మీద పెద్ద డ్రమ్ము ఖాళీగా ఉంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ. దానికి అంతకన్నా ఏం కావాలి?


పచ్చరెక్క, హెసరఘట్ట రోడ్డు
జూన్ 22

నిమ్మ నాకు. గొంగళి పురుగులతో సహా.


ఎర్రచీమ, బాణసవాడి
జూన్ 22

సీతాఫలం నేను తీసుకుంటాను. నవ్వకండి. ఇంటి ముందు రెండు అడుగుల జాగా ఉంది.


చిత్తూరు తోట, బొమ్మనహళ్లి
జూన్ 22

రెండు అడుగులా? ఈ చర్చ మొదటి నుంచి మళ్లీ చదవండి.

తీసుకెళ్లేవాళ్లకు: తవ్వే ముందు రోజు సాయంత్రం మొదలు దగ్గర నీళ్లు నిండుగా పోయించండి. ఆకు సగం దూసేసి, కాండం చుట్టూ అడుగున్నర వదిలి గుండ్రంగా తవ్వాలి. వేరు చుట్టూ మట్టి గడ్డ విడిపోకుండా తడి గోనె చుట్టి కట్టాలి. కారులో పడుకోబెట్టినా ఫరవాలేదు, గడ్డ మాత్రం పగలకూడదు. నాటాక పదిహేను రోజులు ఎరువు జోలికి వెళ్లవద్దు.


పెరటిగాలి, యలహంక
జూన్ 22

ఆదివారం ఉదయం తొమ్మిదిలోపు రండి, ఎండ ఎక్కకముందే తవ్వించేద్దాం. గోనెసంచులు మా దగ్గర ఉన్నాయి. చిరునామా విడిగా పంపుతాను. ఎర్రచీమ గారి జాగా ఎటు వైపు, గోడ ఎంత ఎత్తు అని మామగారు అడుగుతున్నారు. కొలతలు చెప్పాకే సీతాఫలం ఇస్తారట.